విడిచే ఊపిరి



మాది నెల్లూరు జిల్లా అల్లూరు. ముప్పయ్యేళ్లకు పైగా బళ్లో పాఠాలు చెప్పి, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నాను. ప్రాణాయామం, నామజపం, ధ్యానం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను శాస్త్రాలు చదివిన మనిషిని కాను. నాకు తెలిసింది మా ఊరు, మా ఇల్లు, మా అమ్మ పాటించిన పద్ధతి. అందుకని మా ఊరి చెరువు గట్టు మీద నుంచే మొదలుపెడతాను.

మా ఊరు మాగాణి ఊరు. కనిగిరి రిజర్వాయరు నుంచి వచ్చే కాలవ నీళ్లతో వరి పండే నేల. నా చిన్నప్పుడు మొలగొలుకులు ఉడుకుతుంటే వీధంతా వాసన వచ్చేది. తూర్పుకి పోతే ఇస్కపల్లి, బకింగ్‌హామ్ కాలవ, ఆ పైన సముద్రం. ఇప్పుడు సముద్రం వైపు పోయేకొద్దీ వరి తగ్గి రొయ్యల చెరువులు కనపడతాయి. రాత్రిపూట ఆ దారిన పోతే వరసగా లైట్లు, నీళ్లను చిలికే ఏరియేటర్ల చప్పుడు.

రొయ్యల చెరువుకి పగలు అంత భయం ఉండదు. ఎండ ఉన్నంతసేపు నీళ్లలోని పచ్చటి నాచు ప్రాణవాయువు తయారుచేస్తూ ఉంటుంది. పొద్దుగూకితే ఆ నాచే, రొయ్యతో పాటు తానూ ఆ వాయువుని వాడుకుంటుంది. రాత్రి గడిచేకొద్దీ నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతూ, తెల్లారగట్ల కోడి కూసే వేళకి అడుగంటుతుంది. సరిగ్గా అప్పుడు కరెంటు పోయి, జనరేటరు అందుకోకపోతే రొయ్య పైకి తేలుతుంది. నోరు తెరిచి గాలి కోసం తన్నుకుంటుంది. ఒక్క గంటలో పంటంతా పోతుంది. అప్పు మాత్రం మిగులుతుంది. అందుకని రైతు ఆ వేళ నిద్రపోడు.

మా చిన్నాన్న కొడుక్కి అట్లాంటి చెరువులు రెండున్నాయి. యాభయ్యేళ్ల మనిషి, మొన్నటిదాకా బస్తా ఎత్తి భుజాన వేసుకునేవాడు. ఒకరోజు పొద్దున్నే వచ్చి మా అరుగు మీద కూలబడ్డాడు.

"అక్కా, నిద్ర పట్టటంలా. కన్ను మూస్తే ఏరియేటర్ ఆగినట్టు ఉలిక్కిపడతా ఉన్నా. గుండె దడదడా అంటా ఉంది. గాలి లోపలికి పోతన్నట్టే లేదు" అన్నాడు.

ముందు డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఈ మాట ముందే చెప్తున్నాను, ఎందుకంటే గుండె దడ, ఛాతీ బరువు అన్నప్పుడు మొదటి పని అదే. ఊపిరి సాధన ఆ తర్వాత. ఈసీజీ తీశారు, రక్తం చూశారు, గుండె బాగానే ఉందన్నారు. నిద్ర లేకపోవడం, దిగులు, అంతే అన్నారు. తిరిగి వచ్చాక కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుని వాడి వంకే చూశాను. ఊపిరి తీసిన ప్రతిసారీ భుజాలు పైకి లేస్తున్నాయి. పొట్ట కదలటం లేదు. ఒక ఊపిరి పూర్తిగా వదలకముందే ఇంకోటి పీల్చేస్తున్నాడు. గాలి పోవటం లేదంటున్నాడు గాని, నిజానికి వాడు వదలటం లేదు.

"అబ్బయ్యా, రాత్రంతా చెరువుకి గాలి అందుతుందా లేదా అని కాపలా కాస్తున్నావు. నీ గాలి సంగతి ఎప్పుడైనా చూసుకున్నావా" అన్నాను.

శ్రోతలారా, ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్కటే. మనసు కుదుటపడే దారి పీల్చే ఊపిరిలో కంటే విడిచే ఊపిరిలో ఉంది. మన పెద్దవాళ్లు దాన్ని నామంగా, భజనగా, పని పాటగా మన నోట్లో పెట్టి పోయారు.

నా మాట నమ్మాల్సిన పని లేదు, మీరే చూడండి. ఎడమ చేతి మణికట్టు మీద, బొటనవేలి కింద, కుడి చేతి మూడు వేళ్లు ఆనించండి. నాడి దొరికిందా? ఇప్పుడు మెల్లగా ముక్కుతో గాలి పీల్చండి. ఇంకా మెల్లగా వదలండి. మళ్లీ ఒకసారి. పీల్చేటప్పుడు నాడి కొంచెం వడిగా కొట్టుకుంటుంది. వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. అందరికీ వేళ్ల కిందే తెలియకపోవచ్చు, వయసులో ఉన్నవాళ్లకి బాగా తెలుస్తుంది. మెదడు అడుగు నుంచి బయల్దేరి మెడలో నుంచి గుండెకీ, పొట్టకీ దిగే నరం ఒకటుంది, దాన్ని డాక్టర్లు వేగస్ అంటారు. గుండెకి అది కళ్లెం లాంటిది. మనం ఊపిరి వదిలే వేళ ఆ కళ్లెం బిగుస్తుంది, గుండె నిదానిస్తుంది. పీల్చే వేళ సడలుతుంది. కాబట్టి వదిలే ఊపిరిని సాగదీసిన కొద్దీ గుండెకి ఆ నిదానం ఎక్కువసేపు దొరుకుతుంది. భయపడ్డ మనిషి దీన్ని సరిగ్గా తిరగేసి చేస్తాడు. పీలుస్తూనే ఉంటాడు.

మన యోగ గ్రంథాలు రోజుకి 21,600 శ్వాసలని లెక్క చెప్పాయి. పలకా బలపం తీసుకుని నేనొకసారి చేసి చూశాను. నిమిషానికి 15, గంటకి 900, 24 గంటలకి 21,600. ఈనాడు డాక్టర్లు కూడా తీరిగ్గా కూర్చున్న పెద్ద మనిషి నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తాడంటారు. గడియారం ముల్లు లేని కాలంలో, ఎవరో ఎక్కడో కూర్చుని తమ ఊపిరిని అంత శ్రద్ధగా లెక్కపెట్టుకున్నారన్న మాట. ఆ 21,600 సార్లూ లోపలికి పోయేటప్పుడు ఒక శబ్దం, బయటికి వచ్చేటప్పుడు ఒక శబ్దం, 'సోహం' అని దానంతట అదే జపం సాగుతోందని వాళ్లన్నారు. మనం జపించకుండానే జరిగే జపం కాబట్టి అజప అని పేరు పెట్టారు. పుట్టిన బిడ్డ దగ్గర్నుంచి అందరం చేస్తున్న జపమే, ఎవరికీ మంత్రోపదేశం అక్కర్లేదు. ఈ ఊహ ఎప్పుడు తలచుకున్నా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

మా అమ్మకి ఈ లెక్కలేవీ తెలియవు. ఆమెకి తెలిసింది గొలగమూడి. నెల్లూరు జిల్లాలో గొలగమూడి వెంకయ్యస్వామి పేరు తెలియని ఇల్లుండదు. నాగులవెల్లటూరులో పుట్టి, ఊరూరా తిరిగి, చివరికి గొలగమూడిలో స్థిరపడి, 1982 ఆగస్టు 24న సమాధి చెందారు. పెద్ద పెద్ద ఉపన్యాసాలు ఇచ్చినవారు కాదు. ధుని ముందు కూర్చుని ఉండేవారు. 'ఓం నారాయణ ఆది నారాయణ' అనే నామం ఆయన భక్తుల నోట జిల్లా అంతా పాకింది. ఇప్పటికీ శనివారం రాత్రి అక్కడ నిద్ర చేయడానికి జనం బస్సులు పట్టుకుని పోతారు. ఎవరి బాధలు వాళ్లవి.

అమ్మ సాయంత్రం దీపం పెట్టి, ముందర రెండు గిన్నెలు పెట్టుకునేది. ఒకదాంట్లో 108 చింతగింజలు. ఒక నామం అనేది, ఒక గింజ ఇవతలి గిన్నెలో నుంచి అవతలి గిన్నెలో వేసేది. నామం మొత్తం ఒకే ఊపిరిలో, చివర 'నారాయణా' అని సన్నగా సాగిపోయేది. గింజ గిన్నెలో పడ్డ టక్కుమనే చప్పుడు, ఆ తర్వాత అమ్మ గాలి పీల్చుకునే విరామం. మేం పిలకాయలం చుట్టూ చేరి లెక్కలు రాసుకునేవాళ్లం. సగం గింజలు అయ్యేసరికి అల్లరి చేసే మా తమ్ముడు కూడా చాప మీద ఒరిగిపోయేవాడు. అది భక్తి మహిమ అని మా నాయనమ్మ అనేది. మహిమ ఉందనే నేనూ అంటాను. అయితే ఆ మహిమ పని చేసే దారి ఒకటుంది. ఆ దారి అమ్మ సాగదీసి వదిలే ఊపిరి.

చాలా ఏళ్ల తర్వాత ఇటలీలో కొందరు వైద్యులు ఇదే సంగతి కొలిచి చూశారని చదివాను. 2001 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. 23 మంది ఆరోగ్యవంతుల చేత ఒకసారి లాటిన్ భాషలో జపమాల ప్రార్థన చెప్పించారు, ఇంకోసారి బౌద్ధుల మణిపద్మ మంత్రం చెప్పించారు. దేశాలు వేరు, మతాలు వేరు, భాషలు వేరు. కాని రెండింట్లోనూ ఊపిరి దాదాపు నిమిషానికి 6 సార్లకి దిగింది. ఆ లయలో గుండె, రక్తపోటు ఒకదానితో ఒకటి చక్కగా సర్దుకున్నాయని వాళ్లు గమనించారు. జపమాలలో సగం గురువు చెప్తే, మిగతా సగం జనం అందుకుంటారు. ఆయన చెప్పేంతసేపు వీళ్లు ఊపిరి పీల్చుకుంటారు. చదువుతుంటే నాకు మా ఊరి భజన మందిరం కళ్లకు కట్టింది. ముందువాళ్లు ఒక చరణం అంటే, వెనకవాళ్లు దాన్ని అందుకుంటారు. పీల్చే వేళ, వదిలే వేళ అందులోనే కుదిరిపోయి ఉన్నాయి. మా తీరంలో జపమాల చెప్పుకునే క్రైస్తవ కుటుంబాలున్నాయి, దర్గాలో జికిర్ చేసే ముస్లిం సోదరులున్నారు. ఎవరి నామం వాళ్లకి తల్లి. నేను చెప్పే పద్ధతికి ఏ నామమైనా సరిపోతుంది. నామం వద్దనుకునేవాళ్లకి ఉత్త తుమ్మెద రాగం చాలు.

తుమ్మెద రాగమంటే భ్రామరి. పెదవులు మూసి, పళ్లు బిగించకుండా, ముక్కుతో 'మ్...' అంటూ ఊపిరి వదలడం. మన పెద్దవాళ్లు ఉయ్యాలలో బిడ్డ ఏడుస్తుంటే చేసే చప్పుడు అదే. 2002లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థ పరిశోధకులు ఒక సంగతి చెప్పారు. ఇట్లా రాగం తీస్తూ ముక్కుతో గాలి వదిలితే, ఊరికే వదిలినప్పటి కంటే నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు దాదాపు 15 రెట్లు ఎక్కువగా బయటికి వస్తుందట. ముక్కు పక్కల ఎముకల్లో ఉండే గదుల్లోకి గాలి బాగా ఆడుతోందనడానికి అది గుర్తు. రోగాలన్నీ పోతాయని నేననను, వాళ్లూ అనలేదు. తలలో ఆ కంపం నిండితే, గిర్రున తిరుగుతున్న ఆలోచన కాసేపు ఆగుతుంది. అది నా అనుభవం.

ఇస్కపల్లి ఒడ్డుకి ఎప్పుడైనా తెల్లారి పోయారా? పట్టపు పాలెం వాళ్లు అలివి వల లాగుతూ ఉంటారు. సముద్రంలో అర్ధచంద్రంగా వేసిన వల, రెండు కొసల తాళ్లు ఒడ్డున. ఒక్కో తాడు దగ్గర పది పదిహేనుమంది, ఆడవాళ్లు, మగవాళ్లు, ముసలివాళ్లు. ఒకడు ముందు కేక వేస్తాడు, మిగతావాళ్లు 'ఐలేసా' అంటూ ఒక్కసారిగా వెనక్కి వాలతారు. కేక మీద ఊపిరి పోతుంది, ఆ ఊపిరి మీద తాడు వస్తుంది. ఒక్కరి ఊపిరి తప్పినా తాడు జారుతుంది. వరి నాట్లు వేసే ఆడవాళ్లు పాట పాడేది సరదా కోసమని పట్నంవాళ్లు అనుకుంటారు. రోజంతా నడుము వంచి నీళ్లలో నిలబడితే పొట్ట నొక్కుకుపోయి ఊపిరి పైపైన ఆడుతుంది. పాటలో చరణం చివర సాగదీసిన ప్రతిసారీ లోపలున్నదంతా బయటికి పోయి కొత్త గాలి నిండుతుంది. ఇప్పుడు నాట్లకి మిషన్లు వచ్చాయి, వేటకి ఇంజను బోట్లు వచ్చాయి. ఆ శ్రమ తగ్గినందుకు సంతోషమే. పాట పోయిన చోట మాత్రం మనం ఇంకేం పెట్టుకున్నామా అని అప్పుడప్పుడూ బాధ కలుగుతుంది.

2025 జూన్ 21న, యోగా దినోత్సవం నాడు విశాఖపట్నం బీచిలో 3 లక్షల మందికి పైగా ఒకేసారి కూర్చుని ఆసనాలు వేశారు. టీవీలో చూసి ఆనందపడ్డాను. కాని రాత్రి మూడింటికి చెరువు గట్టు మీద ఒంటరిగా ఉన్న మనిషికి చాపా ఉండదు, గురువూ ఉండడు. వాడికి ఉన్నది ఊపిరొక్కటే. అందుకే ఈ సాధన ముందు వాడికి అందాలనిపిస్తుంది నాకు.

అందడం అన్న మాట వచ్చింది కాబట్టి ఒక మహనీయుణ్ణి తలచుకోకుండా ముందుకి పోలేను. ఏర్పేడు మలయాళస్వామి. కేరళ నుంచి నడుచుకుంటూ వచ్చి, 1926లో ఏర్పేడు దగ్గర వ్యాసాశ్రమం స్థాపించారు. ఆ రోజుల్లో ఓంకారం ఫలానా కులం వాళ్లకే, అందులోనూ మగవాళ్లకే అనే కట్టడి ఉండేది. స్వామి దాన్ని ఒప్పుకోలేదు. ఆడా మగా, ఏ కులమైనా, కావాలని వచ్చిన ప్రతివారికీ ఓంకారం ఉపదేశించారు. ఊళ్లలో ఓంకార సత్రయాగాలు జరిపించి, పగలూ రాత్రీ ఎడతెగకుండా వంతులవారీగా జనం చేత ప్రణవం పలికించారు. ఎంతో వ్యతిరేకత వచ్చింది, ఆయన వెనక్కి తగ్గలేదు. అంతకు ముందు వందేళ్ల పైచిలుకు వెనక్కి పోతే, తరిగొండ వెంగమాంబ ఉంది. వితంతువు, సంఘం పెట్టిన కష్టాలన్నీ పడ్డది. ఆమె రాజయోగాన్ని తెలుగు ద్విపదలో పెట్టి 'రాజయోగామృతసారం' రాసింది. ద్విపద ఎవరైనా పాడుకోగల ఛందస్సు. ఊపిరి మీద కాపలా పెట్టిన కాలంలో ఈ ఇద్దరూ ఆ కాపలా తీసేశారు. మా అమ్మ చింతగింజల గిన్నె ముందు కూర్చోగలిగిందంటే, అట్లాంటివాళ్లు తెరిచిన తలుపులో నుంచే లోపలికి వచ్చింది.

ఇక నేను చేసిన తప్పొకటి చెప్పాలి, మీరు చేయకుండా ఉండడానికి. మా నాయన పోయిన ఏడాది నాకు ముప్పై నాలుగేళ్లు. దుఃఖం మింగలేక, కక్కలేక ఉన్నాను. బస్టాండులో ప్రాణాయామం పుస్తకం ఒకటి కొన్నాను. అందులో 16 లెక్కపెట్టేదాకా పూరకం, 64 దాకా కుంభకం, 32 దాకా రేచకం అని ఉంది. అంటే పీల్చడం, బిగబట్టడం, వదలడం. ఎవరినీ అడగలేదు. మొదటి రోజే 64 దాకా బిగబట్టాలని పంతం పట్టాను. నాలుగో రోజు పొద్దున పొయ్యి దగ్గర కళ్లు తిరిగి పడ్డాను. పొయ్యి మీదున్న పాలగిన్నె దొర్లింది, నా చేతి మీద పడనందుకు దేవుడికి దణ్ణం పెట్టాలి.

అమ్మ ఏమీ కోప్పడలేదు. "బావిలో చేద వేసి సర్రుమని లాగితే ఏమవుతుందే? గోడలకి కొట్టుకుని సగం నీళ్లు బావిలోనే పోతాయి. మెల్లగా లాగు, నిండు చేద వస్తుంది" అంది. అంతే. ఆ తర్వాత హఠయోగ గ్రంథాల గురించి తెలిసినవారిని అడిగితే, వాటిలోనూ ఈ హెచ్చరిక ఉందన్నారు. ప్రాణాన్ని అడవి మృగాన్ని మచ్చిక చేసినట్టు నిదానంగా లొంగదీసుకోవాలనీ, తొందరపడితే అదే మనిషిని దెబ్బ తీస్తుందనీ.

కాబట్టి నేను చెప్పే పద్ధతిలో బిగబట్టడం లేదు. కుర్చీ మీదో, చాప మీదో నడుము నిటారుగా పెట్టి కూర్చోండి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేదాకా పీల్చండి. భుజాలు లేవకూడదు, పొట్ట కొంచెం ముందుకి రావాలి. తర్వాత మీకిష్టమైన నామమో, తుమ్మెద రాగమో సాగదీస్తూ, ఆరో ఎనిమిదో లెక్కపెట్టేదాకా వదలండి. ఊపిరి చాలకపోతే మధ్యలో ఆపేయండి, పందెం లేదు ఇందులో. పొద్దున ఐదు నిమిషాలు, పడుకోబోయే ముందు ఐదు నిమిషాలు. తిన్న వెంటనే వద్దు, బండి నడుపుతూ అసలే వద్దు. గర్భిణులు, గుండె జబ్బు, ఉబ్బసం, మూర్ఛ ఉన్నవాళ్లు డాక్టరుని అడిగి మొదలుపెట్టండి. బీపీ మాత్ర, షుగరు మాత్ర ఎట్టి పరిస్థితుల్లోనూ మానకండి. వడివడిగా పొట్ట ఎగరేసే కపాలభాతి లాంటివి టీవీ చూసి ఇంట్లో మొదలుపెట్టకండి.

ఇంకొక్క మాట. కొందరికి కళ్లు మూసుకుని మౌనంగా కూర్చుంటే మనసు కుదుటపడటానికి బదులు, లోపల అణిగి ఉన్న భయాలు ఒక్కసారిగా పైకి వస్తాయి. అది మీ తప్పు కాదు, మీ భక్తి లోపం కాదు. కళ్లు తెరిచి, లేచి నాలుగడుగులు నడవండి. దిగులు వారాల తరబడి వదలకపోతే, బతుకు మీద విసుగు పుడితే, 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అని ప్రభుత్వం పెట్టిన ఉచిత సేవ, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. చెరువులో రొయ్య తేలితే టెక్నీషియన్‌కి ఫోన్ చేయడానికి సిగ్గుపడం గదా.

ధ్యానం గురించి చెప్పమన్నారు, ఇంతసేపూ ఊపిరి దగ్గరే ఉండిపోయాను. నాకు తెలిసి ఈ రెండూ ఒకే వీధిలో పక్కపక్క ఇళ్లు. బొబ్బిలి దగ్గర కలువరాయిలో పుట్టిన కావ్యకంఠ గణపతిముని ఎన్నో ఏళ్లు మంత్రజపం చేశారు. కోట్లలో జపం చేసినా తపస్సు అంటే ఏమిటో అంతుపట్టలేదని, 1907 నవంబరులో అరుణాచలం విరూపాక్ష గుహలో ఉన్న యువ తపస్వి పాదాల మీద వాలిపోయారు. ఆ తపస్వి కాసేపు చూసి, నేను నేను అనేది ఎక్కడి నుంచి పుడుతోందో చూస్తే మనసు అక్కడే లీనమవుతుంది, అదే తపస్సు అన్నారు. జపం చేసేటప్పుడు ఆ మంత్రనాదం ఎక్కడి నుంచి పుడుతోందో చూసినా అంతేనన్నారు. ఆయనకి భగవాన్ రమణ మహర్షి అని పేరు పెట్టినవారు మన గణపతిమునే.

ఆ రెండో మాట నాకు చాలా ఇష్టం. 'నారాయణా' అని వదిలిన ఊపిరి ఆగిపోయాక, తర్వాతి ఊపిరి మొదలయ్యే ముందు చిన్న నిశ్శబ్దం ఒకటుంటుంది. అమ్మ చింతగింజ గిన్నెలో పడ్డాక ఉండేది చూశారే, అది. నామం అందులో నుంచే లేస్తుంది, అందులోకే పోతుంది. దాన్ని చూస్తూ కూర్చోవడమే ధ్యానమని నాకనిపిస్తుంది.

అయితే మహర్షి ఊపిరి సాధన గురించి ఒక హద్దు కూడా చెప్పారు. ఊపిరి అణిగినంతసేపే మనసు అణుగుతుంది, మళ్లీ ఊపిరి బయల్దేరితే మనసూ బయల్దేరుతుంది, అది తాత్కాలికం అన్నారు. పెద్దల మాట, శిరసా వహిస్తాను. కాని తాత్కాలికమైన ఊరట కూడా ఎంత పెద్దదో దుఃఖంలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. మన నెల్లూరు పొణకా కనకమ్మగారినే తలచుకోండి. పల్లిపాడు సత్యాగ్రహ ఆశ్రమానికి వెన్నుదన్నుగా నిలబడి, 1923లో నెల్లూరులో కస్తూరీదేవి విద్యాలయం పెట్టి, సత్యాగ్రహంలో జైలుకి పోయి వచ్చిన ధీరురాలు. ఒక్కగానొక్క కూతురు కళ్లముందే పోయింది. అంత ధైర్యవంతురాలూ అప్పుడు అరుణాచలం దారి పట్టింది, రమణుల సన్నిధిలో మౌనంగా కూర్చుంది. బడీ నడిపింది, కవిత్వమూ రాసింది, భగవద్గీతకి వ్యాఖ్యానమూ చెప్పింది. ఆ కడుపుకోత మానిపోయిందని ఎవరూ అనలేరు. దాన్ని మోస్తూ బతకడానికి ఆమెకి ఊపిరి దొరికింది.

మా చిన్నాన్న కొడుకు సంగతి అడుగుతారేమో. వాడికీ ఈ పద్ధతే చెప్పాను. మొదటి వారం చేశాడు, రెండో వారం మానేశాడు. "ఏం లాభం అక్కా, కూర్చుంటే మేత రేటు గుర్తుకొస్తా ఉంది" అన్నాడు. గుర్తుకు రానీయమన్నాను. మేత రేటు గుర్తుకొచ్చినా సరే, ఊపిరి మాత్రం చివరిదాకా వదలమన్నాను. కూర్చోవడానికి వేరే టైము పెట్టుకోవద్దని కూడా చెప్పాను. గట్టు మీద ఒక ఏరియేటర్ నుంచి ఇంకో ఏరియేటర్ దగ్గరికి నడిచేటప్పుడు ఒక నామం, అక్కడ ఆగి ఇంకొక నామం.

రొయ్య ధర ఇంకా పడే ఉంది, అప్పు తీరలేదు. వాడి నిద్ర ఇప్పటికీ రెండు మూడు ముక్కలుగానే ఉంటుంది, కాని ఉలిక్కిపడి లేవడం తగ్గిందని మరదలు చెప్పింది. మొన్న కార్తీక మాసంలో నేను వాళ్లింట్లో పడుకున్నాను. తెల్లారగట్ల మెలకువ వచ్చి, శాలువా కప్పుకుని గట్టు మీదికి పోయాను. సముద్రం వైపు నుంచి చల్లగాలి తోలుతోంది. ఏరియేటర్ల చప్పుడు మధ్య సన్నగా 'నారాయణా' అని వినిపించింది. అచ్చం అమ్మ సాగదీసినట్టే, చివర కొంచెం వణుకుతూ. వాడు నన్ను చూడలేదు. నామం అయ్యేదాకా కదలకుండా నిలబడ్డాడు. తర్వాత టార్చి వెలిగించి, వంగి, చెక్ ట్రే పైకి లాగి, మేత ఎంత మిగిలిందో చూసుకుంటున్నాడు.